సింహపాదాల తొట్టి

పై వరండాలో బట్టలు ఆరేస్తూ
నేను చూసిందే చెబుతున్నాను.

మార్చి ఆఖర్లో నలుగురు మనుషులు
రొప్పుతూ, ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ
నజీబ్రోలా ఇంట్లోంచి
స్నానాల తొట్టిని మెట్ల మీదుగా దించారు.
పోత ఇనుము. నాలుగు సింహపాదాలు,
ఒకదానికి గోరు విరిగింది.
"పాత సామాన్ల బండికి వేసేద్దామా?" అన్నాడు అల్లుడు.
"నలభయ్యేళ్లు నీళ్లు మోసింది,
ఇక మన్ను మొయ్యనీ" అంది ఆవిడ.

త్బిలిసిలో మా పెరడు అందరిదీ, అంటే ఎవరిదీ కాదు.
మధ్యలో ఒక్క కుళాయి, చుట్టూ చెక్క వరండాలు.
ఎవరింట్లో వంకాయ మాడినా
పద్నాలుగు కుటుంబాలకీ తెలిసిపోతుంది.
తొట్టి వచ్చి కూచున్నది సరిగ్గా
అర్షలూయిస్ దుప్పట్లు ఆరేసే తీగ కింద.
ఆ రోజునుంచి ఇద్దరూ ఎడమొహం పెడమొహం.

అడుగున విరిగిన పెంకులు, వాటి మీద వాల్‌నట్ డొల్లలు,
ఆపైన మన్నూ, మాగిన గొర్రెల పెంటా.
నీళ్లు పోయే బెజ్జానికి పాత మేజోడు ముక్క.
నడుమ మూడు మొక్కజొన్నలు,
వాటిని పట్టుకుని ఎక్కడానికి చిక్కుడు,
చుట్టూ ఊదారంగు రెహాని
(తులసికి దూరపు చుట్టం, పులుసులోకి దగ్గరి చుట్టం),
దాన్ని ఒరుసుకుంటూ బంతి.

"ఊదా పక్కన నారింజా!
కళ్లున్నవాళ్లు చేసే పనేనా?"
అర్షలూయిస్ అంది, గోడతో చెప్పినట్టు.
"పడమట సూర్యుడు రోజూ చేసే పనే"
నజీబ్రోలా అంది, కుళాయితో చెప్పినట్టు.

జూన్‌కల్లా తొట్టి నిండి పొర్లింది.
అంచుల మీంచి నాస్టర్షియం జారి
సింహాల కాళ్లకి గుండ్రటి ఆకుల జోళ్లు తొడిగింది.
విరిగిన గోరు కనబడకుండా పోయింది.

చిక్కుడుకి మొక్కజొన్న ఎత్తు చాలలేదు.
ఒక రాత్రి చెయ్యి చాచి
అర్షలూయిస్ తీగని పట్టుకుంది.
పొద్దున దుప్పటి పక్కన రెండు ఎర్ర పూలు
బట్టల క్లిప్పుల్లా నిలబడి ఉన్నాయి.
ఆవిడ కత్తెర తెచ్చింది.
చాలాసేపు నిలబడింది.
దుప్పటిని ఇంకో మడత వేసి, జానెడు పక్కకి జరిపి
లోపలికి వెళ్లిపోయింది.
నేను చూశానని ఇప్పటికీ తెలీదు.

జూలైలో ఒక మధ్యాహ్నం
రేకుల మీద మేకులు గుమ్మరించినట్టు వడగళ్లు.
నజీబ్రోలా బజారులో ఉంది.
చెప్పుల్లేకుండా దిగింది అర్షలూయిస్,
వాళ్లమ్మ కుట్టిన మందపాటి మేజాగుడ్డ పట్టుకుని.
"చూస్తావేం, ఆ కొస పట్టుకో!" అని నా మీద అరిచింది.
ఇద్దరం గుడ్డ కింద, తొట్టికి చెరోవైపు,
వీపుల మీద వడగళ్లు, ముక్కుల్లో రెహాని వాసన.
ఒక మొక్కజొన్న విరిగింది. తక్కినవి దక్కాయి.

మూడు రోజులకి ఆ మేజాగుడ్డ
ఉతికి, ఇస్త్రీ అయ్యి, ఆవిడ గుమ్మంలో ఉంది.
పైన కాగితం పొట్లంలో ఎండిన బంతిరేకులు,
వాల్‌నట్ పులుసులోకి సరిపడా.
మాటలు మాత్రం లేవు.
మర్నాడు అర్షలూయిస్ పుదీనా వేళ్లు పట్టుకుని దిగింది,
విరిగిన మొక్కజొన్న చోటు చూపించింది.

నజీబ్రోలా తల అడ్డంగా ఊపింది.
"పుదీనాకి చోటిస్తే ఇల్లు రాయించుకుంటుంది.
డబ్బాలో పెట్టు. డబ్బాతో సహా పాతుదాం."
జున్ను డబ్బా అడుగున నాలుగు చిల్లులు పొడిచి
దాన్ని మెడదాకా మట్టిలో దించారు.
పక్కపక్కనే, మధ్యలో ఒక రేకు.
రెండూ బాగానే ఉన్నాయి.

ఇప్పుడు మళ్లీ పోట్లాట.
వచ్చే ఏడు బంతి పక్కన నీలం సాల్వియా అని ఒకావిడ,
తెల్ల పెటూనియా అని ఇంకొకావిడ.
ఈసారి గోడతోనూ కాదు, కుళాయితోనూ కాదు,
మొహమ్మొహం చూసుకునే అరుచుకుంటున్నారు.

నా వరండాలో చిల్లుపడిన టీ కెటిల్ ఒకటుంది.
నిన్న అందులో మన్ను నింపి
ఒక్క చిక్కుడు గింజ గుచ్చాను.
చూడాలి,
అది ఎవరి తీగ పట్టుకుంటుందో.