సంకల జత

గడియారం సెంటర్ల చెప్పు తెగింది.
లింగస్వామి డబ్బా ఆ పొద్దు మూసున్నది.
రెండోది గూడ ఆడ్నే ఇడ్శి
ప్రకాశం బజార్ల వడి నడిశిన.
అదే మొదలు.

"ఏ మాలేశినవ్ సామీ?" అన్నడు గౌస్ భాయి.
మాల లేదన్న. మొక్కు లేదన్న.
అయినా చాయ్ పైసలు దీస్కోలే.
బ్యాంకుల సెక్యూరిటాయన మాత్రం
ముకం జూడకముందే కాళ్లు జూశిండు.

నెల దిరిగేసరికి
నల్లగొండ పాదాలకు ఎరుకైంది.
మిట్టమధ్యాన్నం తారు మీద తెల్లగీత సల్లగుంటదని,
కరెంటు స్తంభం నీడ సరీగ ఒక్క అడుగు వెడల్పని,
గాజుల దుక్నం ముందల ఎంత ఊడ్శినా
ఒక పచ్చముక్క మిగుల్తదని,
బత్తాయి మార్కెట్ల నేల
అరికాలును జర వట్టుకొని ఇడుస్తదని
ముప్పైనాలుగేండ్లసంది ఈడ్నే ఉన్న,
నాకు తెల్వకుండె.
జిరాక్సు సెంటర్ల గ్రానైటు కోసం
పనిలేకున్నా రెండు కాపీలు దీపిచ్చిన.

మా నాయిన మల్సూరు
నేను ముల్లు దీస్కుంటుంటే జూశిండు. ఏమనలే.
తెల్లారి గడప కాడ కొత్త జత,
అట్టపెట్టె మీద మూడొందల తొంబై అని చీటీ.
"గడి ముందల మీ తాత
చెప్పులు సంకల వెట్టుకొని నడిశేటోడు.
నీకు సల్లగున్నదేమో బిడ్డా.
ఆయనకు బొబ్బలెక్కేటియి."
గంతే అన్నడు. బీడి ముట్టిచ్చుకున్నడు.

గప్పటిసంది ఇంట్లకెళ్లి ఏస్కొనే ఎల్తున్న,
బొట్టుగూడ మూల మలిగినంక తీస్తున్న.
ఒకనాడు
నూనె డబ్బా ఒక చేత, బియ్యం సంచి ఒక చేత,
జత సంకల వెట్టుకున్న.
మంగలి షాపు అద్దంల ఎవలో
మెడ వంచుకొని వోతుండు.
నేనాగితే ఆగిండు.
మా ఇంట్ల తాత ఫోటో లేదు.
గని గుర్తువట్టిన.

చెప్పులు కిందవడ్డయి.
అటు జూశిన, ఇటు జూశిన.
గడీ లేదాడ.
సెల్‌ఫోన్ల దుక్నం ఉన్నది, పానీపూరీ బండి ఉన్నది,
నా దిక్కు జూశేటోడే లేడు.
తొడుక్కున్న.

ఇల్లు వచ్చేదాక తారు
ఒక్క ముచ్చట చెప్పలే.
అరికాళ్లు మాత్రం లోపట్లోపట
తెల్లగీత యాడున్నదని
దేవులాడుకుంటనే ఉన్నయ్.