కింది గీత

ఆదోనిలో రాత్రి పదకొండు.
కూలర్లో నీళ్ళయిపోయి వట్టి గాలి తిరుగుతోంది.
తెర మీద 'ఉరుకుందప్ప వస్త్రాలయం' –
తావత్తు సగం, క్రారవడి మొత్తం
ఎవరో కత్తెరేసినట్టు తెగిపోయాయి.

ఈ నెలంతా ఏరి దాచుకున్నవి తక్కువేం కాదు:
ఊరికే వచ్చే ఫాంట్లు పద్నాలుగు,
ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో చెప్పే పనిముట్టు,
బటన్ల గుట్ట, గుర్తుల మూట,
పేజీని గళ్ళుగళ్ళుగా సర్దే ఎవరిదో కోడు.
అన్నీ ఇంగ్లీషు ఒంటికి కొలిచి కుట్టిన చొక్కాలే.
మా అక్షరానికి తొడిగితే
మోకాళ్ళ దగ్గర పిగులుతాయి.

నిద్ర లేకుండానే పొద్దున టీకి దిగాను.
ఎదురు షట్టర్ మీద ఖాసిం పీరా
సుద్ద రుద్దిన దారం లాగి గీతలు కొడుతున్నాడు.
రెండు దగ్గరగా,
ఒకటి బాగా కింద.
"ఆ మూడోది ఎందుకన్నా?"

బీడీ నోట్లోంచి తీయలేదు.
"అచ్చరం నిలబడేకి రెండు సాలు పాపా.
దాని కాళ్ళకాడ ఇంగోటి కూసుంటాది సూడు,
దానికీ సోటు ఇడ్సల్ల."

దాచుకుందామంటే దీనికి లింకు లేదు.
గ్లాసు సగంలో పెట్టి మెట్లెక్కాను.
వరుస ఎత్తు ఒకటిన్నర
రెండయింది.
క్రారవడి ఒళ్ళు విరుచుకుని
చుట్టూ చూసింది.

మధ్యాహ్నం ఉరుకుందప్ప ఫోనులో తెరిచి
వేలితో పైకీ కిందికీ తోసి తోసి అడిగాడు:
"అంతా బాగుంది గానీ
వరుసల మధ్యన ఇంత కాళీ ఎందుకమ్మా?
ఇంగో రెండు సీరలు పట్టేవి గదా!"