చుట్టలో తేదీ

టంగుటూరు గ్రేడింగు షెడ్డులో
నాకు కూలి కంపెనీ ఇవ్వలేదు.
తలకు ఐదు పైసలు, శనివారం శనివారం,
ఆకు ఏరే ఆడవాళ్ళే కొంగుముడి విప్పి ఇచ్చారు.
పని: గట్టిగా చదవడం.

తొమ్మిదిలో బడి ఆగినవాణ్ణి.
ఎడమకాలు పోలియోది, బేళ్ళు మోయలేను.
ఉన్న ఆస్తి గొంతొక్కటే.
బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని
ముందు పేపరు, తర్వాత మత్తయి సువార్త,
మధ్యాన్నం నిద్ర ముంచుకొచ్చే వేళకి
ఒంగోలు పాతకాగితాల కొట్లో తూకానికి కొన్న
అట్టలేని చరిత్ర పుస్తకం.

అందులో క్యూబా ఉంది.
"యాడుందిరా అది?" అంది దీనమ్మ.
"సముద్రం అవతల."
"మన పాకల సముద్రమేనా?"
"కాదు, వేరే సముద్రం.
ఆకు మాత్రం ఇదే."
ఆ మాటకి
నలభై జతల చేతులు ఒక్క క్షణం ఆగాయి.

అక్కడా పొగాకు షెడ్లే,
అక్కడా ఎత్తుపీట మీద ఒకడు చదివేవాడు,
వాడికీ కూలోళ్ళే చందాలేసుకుని జీతమిచ్చేవాళ్ళు.
వినీ వినీ వాళ్ళకో అనుమానం పుట్టింది:
చేను ఇక్కడ, చెమట ఇక్కడ,
రాజు మాత్రం
ఓడ మీద అన్ని రోజుల దూరాన ఎందుకని?
దొరలు చదువు మాన్పించారు.
చెవిలో పడిపోయిందాన్ని ఎవడు తీస్తాడు?

ఆఖరికి తిరుగుబాటు ఎప్పుడన్నది చీటీ మీద రాసి
చుట్టలో పెట్టి చుట్టి
సముద్రం దాటించారట.
"ఓలమ్మో, దార్లో ఎవడన్నా ముట్టిచ్చుంటే?"
షెడ్డంతా నవ్వు, తుమ్ములు, మళ్ళీ నవ్వు.

ఆ నవ్వే మా కొంప ముంచింది.
మేస్త్రీ బుచ్చిరాఘవులు వచ్చి
"ఇది షెడ్డా, బడా?" అని
పుస్తకం లాక్కుని బ్యారను పొయ్యిలో వేశాడు.
సగమే చదివాను అప్పటికి.

ఆ తర్వాత ఆకు చప్పుడే.
నిమ్మపండు రంగుది ఒక కుప్ప,
ఇటుక రంగుది ఒక కుప్ప,
పచ్చిమచ్చలది మూలకి.
ఎనిమిదో రోజున దీనమ్మ నా వైపు చూడకుండానే అంది:
"చీటీ రాయి. సోమారం అని రాయి. అంతే."

మంచి ఆకు ఏరి తనే చుట్టింది.
వాచ్‌మన్ ఖాదర్‌వలీ చేతిలో పెట్టి
"అవతల షెడ్డులో మా చినమ్మకియ్యి నాయనా,
పంటిపోటుతో చస్తంది" అంది.
వాడు చెవి మీద దోపుకుని
ట్రంకురోడ్డు దాటుతూ, సరిగ్గా నడిమధ్యన,
అగ్గిపెట్టె తీశాడు.

కిటికీ చువ్వలు పట్టుకుని నలభై మందిమి
ఒకే ఊపిరి బిగబట్టాం.
లారీ పోయింది. దుమ్ము లేచింది.
దుమ్ము సర్దుకున్నాక చూస్తే
వాడి నోట్లో వాడి బీడీ,
చెవి మీద మా సోమవారం.

రెండు షెడ్లు పదకొండు రోజులు మూతపడ్డాయి.
కూలి పావలా పెరిగింది.
దీనమ్మని మాత్రం గేటు దాటనివ్వలేదు మళ్ళీ.

ఎన్నేళ్ళకో, ఒంగోలు లైబ్రరీలో
కాలిపోయిన ఆ సగం దొరికింది.
స్పెయిను జెండా దిగిన రోజునే
ఆ కొయ్యకే
అమెరికా జెండా ఎక్కిందట.
బస్సెక్కి సింగరాయకొండ పోయాను.
రైలు గేటు దగ్గర ఎండుచేపల గంప ముందు దీనమ్మ.
గొంతు తగ్గించి చెప్పాను,
ఎవరో పోయిన కబురు చెప్పినట్టు.

ఆమె ఈగల్ని తోలుతూ
"మన మేస్త్రీ పోయినాక
వాడి బామ్మర్ది రాలా?" అంది.
గూడ్సు ఒకటి పెట్టె పెట్టెగా దాటిపోయేదాకా ఊరుకుని
"అక్కడే ఆపమాక.
ఆ తర్వాతది చదువు" అంటూ
రొయ్యపొట్టు అంటిన వేళ్ళతో
కొంగుముడి వెతుక్కుంది.