గీత దాటలేదు

మోచేతి కింద ఎర్రటి పొక్కు,
ఆవగింజంత.
చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీశాను,
దాటితే ఆస్పత్రికి పోదామని.

రాత్రి రెండింటికి ఫోన్ లైటు వేసి చూశాను.
మూడుంబావుకి మళ్ళీ.
పెరంబూరు యార్డులో ఏదో ఇంజను
నాకంటే నిబ్బరంగా దగ్గుతోంది.

డెట్టాల్‌తో కడిగి కడిగి
చుట్టుపక్కల చర్మం మండిపోయింది.
ఆ మంటనీ జబ్బు ఖాతాలోనే రాసుకున్నాను.

తెల్లారి పాల ప్యాకెట్లిస్తూ సెల్వి అక్క
చెయ్యి తిప్పి చూసి
"కొసుదాన్‌మా" అంది.
దోమేనట.
తన చేతులు చాపింది:
నా దానిలాంటివే బోలెడు,
ఒక్కదాని చుట్టూ గీత లేదు.

గురువారానికి పొక్కు మాడింది.
గీత మిగిలింది,
లోపలేమీ లేని సున్నా.

రుద్దకుండా ఆఫీసుకి బయల్దేరాను.
బీచ్ స్టేషన్ వచ్చేలోగా
రెండుసార్లే చూసుకున్నాను.