పదకొండో పేజీ

హాప్సాలు లైబ్రరీలో చిరిగిన పుస్తకాల బల్ల నాది.
కిటికీ అవతల సముద్రం
మార్చి దాకా గడ్డకట్టి ఉంటుంది.
ఇవతల చిన్న గిన్నెలో లై ఉడుకుతుంటుంది.

బొమ్మల పుస్తకం ఎక్కడ నలిగిందో చూస్తే చాలు,
పిల్లలు ఎక్కడ ఆగారో తెలిసిపోతుంది.
తోడేలున్న పేజీ కొత్తదానిలా ఉంటుంది,
గబుక్కున తిప్పేస్తారు గనక.
ఇద్దరు కావలించుకున్న పేజీకే
జామ్ మరకలూ, నానిన అంచులూ,
ఒక్కోసారి పాలపళ్ళ గాట్లూ.

ఈ మేక పుస్తకం నా బల్ల మీదికి రావడం తొమ్మిదోసారి.
కథ పెద్దదేం కాదు.
మేకకీ కొంగకీ స్నేహం. చలికి కొంగ ఎగిరిపోతుంది.
పదకొండో పేజీలో
మేక రెండు కప్పుల్లో టీ పోసి
ఖాళీ కుర్చీకి ఎదురుగా కూచుంటుంది.
అక్కడ ఒక్క అక్షరం ఉండదు.

ఆ కుర్చీలో ఎవరో, ఎప్పుడో,
నీలం క్రేయాన్‌తో ఒకర్ని కూచోబెట్టారు.
చెవులు చూస్తే కుందేలు, తోక చూస్తే చేప.
కాళ్ళు మూడే.
నాలుగోది గీసేలోపు
ఇంటికి పద అని చెయ్యి పట్టి లాగి ఉంటారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో
రబ్బరు పెట్టి రుద్దాను, తప్పు దిద్దే ఉత్సాహం కొద్దీ.
మైనపు రంగు పోలేదు,
ఇంకాస్త నిగనిగలాడింది.
తర్వాత దాని చుట్టూ మాత్రమే అతికిస్తూ వచ్చాను.

ఈ ఏడాది ఇక వెన్ను నిలవలేదు.
తాలిన్ నుంచి కొత్త ప్రతి తెప్పించాం.
రంగులన్నీ మొహం కడుక్కున్నట్టున్నాయి.
ఐదేళ్ళ లోరె కంబళి మీద బోర్లా పడుకుని
పదకొండో పేజీ తిప్పింది, వెనక్కి తిప్పింది,
పుస్తకం ఎత్తి కింద కూడా చూసింది.
"ఇంకా రాలేదా?"
అసలు కథలో ఎవరూ రారమ్మా, అన్నాను.
పాలలో నీళ్ళు కలుపుతూ పట్టుబడ్డట్టు
నన్నో చూపు చూసి,
"మరి టీ చల్లారిపోదూ?" అంది.

ఆ సాయంత్రం ముద్ర వేయకుండా
పుస్తకాన్ని బల్ల మీదే మర్చిపోయాను.
మర్చిపోయాననే చెప్పుకుంటున్నాను.

పొద్దున వచ్చి చూస్తే
కుర్చీలో నీలం చెవులు, నీలం తోక.
ఈసారి నాలుగు కాళ్ళూ ఉన్నాయి.

గుమ్మం ముందు మంచు తోస్తున్నాడు
రాత్రిళ్ళు బాయిలర్ చూసుకునే తార్మో.
ఈ ఊళ్ళోనే పుట్టినవాడు.
పంతొమ్మిదేళ్ళుగా
శుభోదయం తప్ప మా మధ్య మరో మాట లేదు.
ఆ మాట అనడానికే చేతితొడుగు తీశాడు.
బొటనవేలి గోటి కింద
సన్నగా నీలం.

నేనేమీ అడగలేదు.
లోపలికెళ్ళి కెటిల్ ఎత్తి ఊపి చూశాను,
నీళ్ళు ఇద్దరికి సరిపోతాయా అని.