కూనేరు గేటు దగ్గర ఆగిపోయే పాట

తొమ్మిదేళ్లు దండపాణి బస్సులో
ఇంటిదారిని పాటలతోనే కొలిచాను.

పార్వతీపురం కాంప్లెక్సు దాటగానే దేవుడి పాట.
అది ఓనరు కోసం.
దేవుడికి ఒక్క చరణం చాలనేవాడు.

కొమరాడ వచ్చేసరికి
జీరగొంతు ఆడమనిషెవరో
వెళ్లిపోయినవాణ్ణి తాళం తప్పకుండా తిడుతుంది.
ముందు సీట్లోంచి ఎండుచేపల గంగులమ్మ:
“సౌండెట్టు బావూ, నా పాటొచ్చింది.”

నాగావళి కనబడే మలుపులో మాటల్లేని సన్నాయి.
ఏనుగులు దిగాయని కబురొస్తే మాత్రం అన్నీ బందు.
లైట్లార్పిన బస్సులో
నలభై మందిమి ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం.
ఆ నిశ్శబ్దానికీ వరసలో ఒక నంబరుండే ఉంటుంది.

తర్వాత నా పాట.
వానలో నిలబడిన కుర్రాడు
దీపమున్న కిటికీని అడుగుతాడు, లోపలెవరని.
మొదటి చరణంలో అడుగుతాడు.
రెండో చరణంలో మళ్లీ అడుగుతాడు.
మూడోది ఎత్తుకోగానే కూనేరు గేటు.

దండపాణి చెయ్యి మీటమీదికెళ్లేది, గొంతు తగ్గేది.
సీట్ల కింద టార్చిలైటు పాకేది,
ఎవరి గోనెసంచో మూతి విప్పేది.
గేటు లేచేసరికి
పాట ఒడియాలోకి దిగిపోయేది.

ఎన్ని వానలు వెళ్లాయో,
ఆ కిటికీ జవాబు నేను వినలేదు.
అడగొచ్చు.
పగలంతా అడగడమే నా పని:
పేరు, వయసు, పరగడుపునే వచ్చారా, పిడికిలి బిగించండి.
నెత్తురు తీసేదాన్ని
ఆయన డాక్టరమ్మా అని పిలిచేవాడు.
కాదని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను.

మొన్న మాఘంలో ఆయన చివరి ట్రిప్పు.
రాయగడ బస్టాండులో, పేపరుమిల్లు వాసన కమ్ముకున్న రాత్రి,
తాళాల గుత్తిలోంచి పెన్‌డ్రైవు విడదీసి
నా చేతిలో పెట్టాడు.
“కొత్త బండికి ఇది పట్టదమ్మా.
పాటలు లైన్లో ఉన్నాయి, కలపకు.”

ముప్పై ఏడు. పేర్లు లేవు, అంకెలే.
ఇంట్లో దేవుడు మూడు చరణాలూ పాడుకున్నాడు, పాపం.
సన్నాయి దగ్గర నేను
తెలియకుండానే ఎడమకి ఒరిగాను,
వంటింట్లో మలుపేదీ లేకపోయినా.

బియ్యం కడుగుతుంటే వచ్చింది మూడో చరణం.
లోపలెవరూ లేరట.
దీపం తనే వెలిగించి
తలుపేసుకొచ్చి, వానలో నిలబడ్డాడట.

అంతేనా, అనుకున్నాను.
హార్మోనియం కాస్త ఎక్కువైంది కూడా.
తర్వాత చూస్తే బియ్యం గిన్నెలో చెయ్యి అలాగే ఉంది,
నీళ్లు ఎప్పుడో తేటబడ్డాయి.

ఫోన్ చేశాను.
“మూడో చరణం విన్నాను దండపాణిగారూ.”
అవతల కుక్కరు రెండు కూతలు కూసింది.
“దాన్ని గేటుకిచ్చేశానమ్మా,” అన్నాడు.
“మా ఆవిడ పోయిన ఏడాది నుంచీ.
సరిగ్గా అక్కడికొచ్చేలా
ముందు పాటలు సర్దడానికి
నాలుగు నెలలు పట్టింది.
ఏనుగుల రోజున లెక్క తప్పేది.
అప్పుడు హారన్ కొట్టేవాణ్ణి.”

నిజమే. ఊరికే హారన్ కొడతాడేమిటని
ఒకసారి విసుక్కున్నాను కూడా.

బదులుగా ఆయనకి నా పాటలు పంపాలి.
వరస కుదరడం లేదు.
దారివెంట పోయేవాడికి మలుపులుంటాయి,
నేను నిలబడ్డచోటే నిలబడ్డదాన్ని.
ఫ్రిజ్ రొద, గొట్టాలు తిప్పే మిషను రొద,
గోడవతల బిడ్డ ఏడుపు.

మొదటిది మాత్రం తేలింది.
సూది చూస్తే భయమని
కళ్లు మూసుకుని కూనిరాగం తీసిన జాతాపు తాత.
ఫోన్లో పట్టుకున్నాను, నలభై సెకన్లు.
ఏ పాట తాతా అంటే
“పాట కాదమ్మా, మా గొడ్లని పిలిచేది” అన్నాడు.

చివర్లో నా గొంతు వినిపిస్తుంది:
“అయిపోయింది, దూది నొక్కి పట్టుకో.”
అది కత్తిరించకుండా పంపుతున్నాను.