‘అట’ అనకూడని చోట

అయకూచో ఆసుపత్రి మూడో అంతస్తు,
పదకొండో నంబరు గది.
కుర్చీలు రెండే. నేను నిలబడతాను,
రోగికి ఒక అడుగు వెనక, పక్కగా.
ఆమె చూడాల్సింది డాక్టరు ముఖం, నా ముఖం కాదు.

శిక్షణలో అదే మొదటి పాఠం.
తరవాతిది: కలపొద్దు, తీయొద్దు.
ఆయన ‘నేను’ అంటే నువ్వూ ‘నేను’ అనే అను.
“కాలువలా ఉండాలి దుబాసీ,
తెచ్చిన నీళ్ళు తెచ్చినట్టే పోయాలి”
అంది లీమా నుంచి వచ్చిన టీచరమ్మ.
ఆమె చూసినవి సిమెంటు కాలువలు కాబోలు.
మా కొండమీదివి మట్టి కాలువలు.
చేను చేరేలోగా
తాగాల్సింది తాగే పోనిస్తాయి.

దోన్యా ఫౌస్తా వయసు
కార్డులో అరవై రెండు, తన లెక్కలో అరవై ఐదు.
రెండూ చెప్పాను.
టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది,
దాని పట్టీలో వాడిపోయిన పసుప్పచ్చ పువ్వు.

అంతకుముందు తలుపు బయట
కొడుకు గ్రిమాల్దో నా మోచెయ్యి పట్టుకున్నాడు:
“చెడ్డ కబురైతే అమ్మకు చెప్పకక్కా,
ఏదో పుండని చెప్పు.”
“ఆ మాట లోపలికొచ్చి డాక్టరుతో అను.
అమ్మకూ అదే మాట వినిపిస్తాను, నా పని అది.”
చెయ్యి వదిలేశాడు.
చూపు వదల్లేదు.

డాక్టర్ బెరోస్పి ఫిల్మును వెలుతురుకు పట్టాడు.
“గర్భసంచిలో గడ్డ. మార్చి నెల కన్నా పెరిగింది.”

స్పానిష్‌లో ఆ మాటకు తోక లేదు.
మా కెచువాలో ఉంది:
కళ్ళారా చూసినదానికి చివర ‘మి’,
ఎవరో చెప్పగా విన్నదానికి ‘సి’.
తోక లేని కబురును మా ఊళ్ళో
కుక్క కూడా నమ్మదు.

నేను చూశానా? లేదు.
నాకా ఫిల్ము మబ్బు పట్టిన రాత్రి.
కాని ఆ గదిలో నేను నేను కాదు, ఆయన ‘నేను’ని.
ఆయన చూశాడు. కనక నేనూ చూసినట్టే.
ఈ తర్కమంతా బస్సులో ఇంటికెళ్తూ అల్లుకున్నది.
అప్పుడు మాత్రం నాలుక తనకు తోచింది చేసింది:
గడ్డ పెరిగిందట, అంది.

ఒక్క అక్షరం, దూది పెట్టినట్టు.
మా అమ్మ పోయిన కబురు కూడా
నాకు ‘అట’తోనే వచ్చింది.

దోన్యా ఫౌస్తా మొదటిసారి నావైపు తిరిగింది.
“అటనా? ఎవరన్నారట?
ఈ అబ్బాయి చూడలేదా మరి?
చూడనివాడి మాట మీద
పొట్ట కోయించుకోమంటావా నన్ను?”

నా గొంతు తడారింది.
పద్ధతి ప్రకారం ముందు ఆమె అడిగింది డాక్టరుకు చెప్పి, ఆ పైన,
“ఇది దుబాసీ సొంత మాట. తప్పు నాది.
మీరు చూసి చెప్పారు,
మీరెక్కడో విన్నట్టు చెప్పాను. దిద్దుకుంటాను.”
ఆయన వాచీ చూసుకోబోయి ఆగాడు.
“ఒక్క అక్షరానికా?”
ఒక్క అక్షరానికే.

మళ్ళీ చెప్పాను, ఈసారి ‘మి’తో.
చూశాను. పెరిగింది.
ఏటి రాయి నోట్లో పెట్టుకున్నట్టుంది.

ఆమె చాలాసేపు పువ్వు సర్దుకుంది.
మౌనం ఎలా చెప్పాలో ఏ పాఠంలోనూ లేదు,
నేనూ ఊరుకున్నాను.
“చూసినవాడైతే ఎంతుందో చేత్తో చూపమను.”
ఆయన పిడికిలి బిగించాడు,
కాస్త ఆలోచించి, కొంచెం వదులు చేశాడు.
ఆమె ఆ పిడికిలిని తన అరచేత్తో మూసి
కొలత చూసుకుంది.
అది నేను అనువదించలేదు.

వెళ్తూ శాలువా మూటలోంచి నాలుగు గుడ్లు తీసింది.
తీసుకోకూడదన్నాను.
“కోడికి తెలుసా మీ రూలు?” అని గొణిగి
తిరిగి మూట కట్టుకుంది.

శనివారం సంతలో ఆమె చెల్లెలు
ఉల్లిపాయలు తూస్తూ అడిగింది:
“మా అక్కకేమన్నారు?”
“మీ అక్కనడుగు” అన్నాను.
తక్కెడ ఆ పూట నావైపు మొగ్గలేదు.

ఆ రాత్రి మా ఆయన అడిగాడు,
పట్నంలో వాన పడిందా అని.
పొద్దంతా కిటికీ లేని రికార్డుల గదిలో ఉన్నాను.
పడిందట, అన్నాను.